మూట కట్టుకోని రాయవేలూరు డాక్టరమ్మ

హోసూరు: చితకూ చింతకూ సున్నా ఒక్కటే తేడా అంటారు పెద్దలు. చిత చచ్చినవాణ్ని కాలిస్తే, చింత బతికున్నవాణ్ని కాలుస్తుంది. ఆ చింతనే మూట కట్టుకుని కృష్ణగిరి, వాణియంబాడి, ఆంబూరు దాటి రాయవేలూరు పెద్దాసుపత్రికి పోయే కుటుంబాలు మన ప్రాంతంలో ఎన్నో. హోసూరుకు బెంగళూరే దగ్గర. అయినా అక్కడా ఇక్కడా చూపించి, రిపోర్టుల కట్ట లావెక్కాక, ఒకసారి రాయవేలూరుకు పోయొద్దామనే మాట తెలుగిళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

ఆ ఆసుపత్రిని మొదలుపెట్టింది ఐడా సోఫియా స్కడర్. అమెరికా కుటుంబానికి చెందిన డాక్టరమ్మ. ఆమె పుట్టుకతోనే అన్నీ వదులుకున్న మనిషి కాదు. మిషనరీ బతుకంటేనే గిట్టని పిల్ల. కలిగినవాణ్ని పెళ్లాడి అమెరికాలో హాయిగా బతకాలని కోరుకున్న పిల్ల. ఆ కోరికను ఎలా వదిలిపెట్టారు, దాంతోపాటు రేపటి భయాన్ని ఎలా దించుకున్నారు అన్నదే ఆమె జీవితం.

కరువు చూసిన కళ్లు

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. అప్పట్లో రాణిపేట, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాకు కేంద్రం చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా ఆ ప్రాంతపు తెలుగు, తమిళ తాలూకాలు ఒకే కలెక్టరు కింద నడిచాయి. మన హోసూరు, కృష్ణగిరి ఆనాడు సేలం జిల్లాలో ఉండేవి.

స్కడర్ల ఇంట్లో వదులుకోవడం కొత్తేమీ కాదు. ఐడా తాత జాన్ స్కడర్ న్యూయార్కులో బాగా సాగుతున్న వైద్యాన్ని వదిలిపెట్టి 1819లో ఓడెక్కారు. మొదట సిలోను, తర్వాత మద్రాసు చేరారు. ఆయన కొడుకులు కూడా అదే దారి పట్టారు. 1853లో ఆర్కాటు మిషన్ ఏర్పడింది వాళ్ల చేతుల మీదుగానే. ఆ మిషన్‌కు తెలుగు వైపు మదనపల్లె కేంద్రమైంది. అక్కడ వైద్యం చేస్తూ తెలుగు నేర్చిన జేకబ్ చాంబర్లేన్ పేరు ఆ తరం వాళ్లకు బాగా తెలుసు.

ఐడా తండ్రి పేరు కూడా జాన్ స్కడరే. ఆయనా డాక్టరే. ఐదుగురు కొడుకుల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఐడా. ఆమెకు ఆరేడేళ్ల వయసులో 1876-78 నాటి పెను కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది మంది తిండి లేక చనిపోయిన కరువది. చెయ్యెత్తి రొట్టె ముక్క అందుకునే సత్తువ కూడా లేని పిల్లలకు ఆ చిన్నపిల్ల నోట్లో పెట్టి తినిపించింది. ఆ దృశ్యం ఆమె మనసులోంచి పోలేదు.

ఆ తర్వాత కుటుంబం అమెరికా వెళ్లింది. కొన్నాళ్లకు తండ్రి మళ్లీ ఇండియాకు వచ్చేశారు. ఆయన వెనుక తల్లీ వచ్చేశారు. ఐడాను బంధువుల ఇంట చదువుకు వదిలిపెట్టారు. తల్లి వెళ్లిన రాత్రి ఆమె దిండు పట్టుకుని ఆ పిల్ల ఏడ్చిందని జీవితచరిత్రలు చెబుతాయి. కరువు, వేరుపడిన ఇల్లు, ఎప్పుడూ చాలీచాలని డబ్బు. మిషనరీ బతుకంటే ఐడాకు తెలిసింది ఇదే. అందుకే మసాచుసెట్స్‌లోని నార్త్‌ఫీల్డ్ బడిలో చదివేటప్పుడు, ఆ బతుకు తనకు వద్దంటే వద్దని తోటి పిల్లలకు తేల్చి చెప్పేవారు.

ఒక్క రాత్రి, మూడు చావులు

తల్లికి జబ్బు చేసిందని కబురందితే ఐడా ఇండియాకు వచ్చారు. అప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు. తల్లిదండ్రులు తిండివనంలో ఉన్నారు. కొంతకాలం ఉండి తల్లికి బాగైతే మళ్లీ ఓడెక్కాలన్నది ఆమె లెక్క.

అక్కడే ఒక రాత్రి తలుపు చప్పుడైంది. ఒక బ్రాహ్మణ యువకుడు వచ్చాడు. భార్య కాన్పు కాలేక అల్లాడుతోంది, వచ్చి చూడమని ఐడాను వేడుకున్నాడు. డాక్టరు తాను కాదు, తన తండ్రి అని ఐడా చెప్పారు. తండ్రీ బయలుదేరబోయారు. పరాయి మగవాడు ఇంటి ఆడదాన్ని ముట్టడం కుదరదని ఆ యువకుడు తిరిగి వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక ముస్లిం వచ్చాడు. అదే కష్టం, అదే జవాబు. ఆ తర్వాత మరో హిందువు. ఆయనా మగ డాక్టరు వద్దన్నాడు. ముగ్గురూ వచ్చిన దారినే పోయారు.

ఐడాకు ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారేసరికి ఊళ్లోంచి చావు డప్పు వినిపించింది. కనుక్కురమ్మని మనిషిని పంపితే ముగ్గురు ఆడవాళ్లూ రాత్రే పోయారని తెలిసింది. ముగ్గురూ చిన్న వయసు వాళ్లే.

గది తలుపేసుకుని ఐడా చాలాసేపు ప్రార్థనలో గడిపారు. బయటికొచ్చి, అమెరికా వెళ్లి డాక్టరు చదివి తిరిగొస్తానని తల్లిదండ్రులకు చెప్పారు. కలలుగన్న ఇల్లూ వాకిలీ ఆ పూటే చేజారాయి. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇన్నాళ్లూ ఆమె లెక్కలన్నీ తన రేపటి చుట్టూనే తిరిగాయి. ఆ ముగ్గురికి మాత్రం రేపన్నదే లేకుండా పోయింది. ఆ రాత్రి తర్వాత ఆమె లెక్క మారిపోయింది.

పక్క గదిలో విన్న మాట

ఫిలడెల్ఫియాలో ఆడవాళ్ల వైద్య కళాశాలలో చేరిన ఐడా, కార్నెల్ వైద్య కళాశాల ఆడపిల్లలకు తలుపు తెరవగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకున్నారు. వేలూరులో ఆడవాళ్లకు ఆసుపత్రి కట్టడానికి ఎనిమిది వేల డాలర్లు పోగుచేసుకుని వెళ్లమని మిషన్ పెద్దలు చెప్పారు. ఓడెక్కడానికి మిగిలింది కొద్ది రోజులే. అనుభవం లేని డాక్టరమ్మను నమ్మి డబ్బిచ్చేవాళ్లు దొరకడం కష్టమైంది.

ఒక సాయంత్రం న్యూయార్కులో ఒకామె ఇంటికి వెళ్లి ఐడా తిండివనం సంగతి చెప్పుకొచ్చారు. పక్క గదిలో ఆ ఇంటి బంధువు రాబర్ట్ షెల్ ఉన్నారు. ఆయన బ్యాంకు అధ్యక్షుడు, డబ్బు తేలిగ్గా తీయని మనిషి. తెల్లారి ఐడాకు కబురొచ్చింది. చనిపోయిన తన భార్య మేరీ టేబర్ షెల్ పేరిట ఆసుపత్రి కట్టించమని ఆయన పదివేల డాలర్లు ఇచ్చారు. అడిగింది ఎనిమిది వేలు, అందింది పదివేలు.

ఆ రోజు నుంచి ఐడాకు ఒక నమ్మకం కుదిరింది. పని దేవుడిదైతే దానికి కావలసింది దేవుడే సమకూరుస్తాడు, మన వంతు అడగడం, పనిచేయడం. రేపటి తిండికీ బట్టకూ చింతపడొద్దని క్రీస్తు కొండ మీద చేసిన బోధ క్రైస్తవులందరికీ తెలిసిందే. ఆ బోధను ఐడా చేతులు ముడుచుకు కూర్చోవడంగా తీసుకోలేదు. ఆమె అడిగినన్ని గడపలు అడిగినవాళ్లు తక్కువ. ఒక్కో చందాకూ లెక్క రాశారు, ఉత్తరాలు రాశారు, సభల్లో మాట్లాడారు. ఆ పని అయ్యాక మిగిలిన దిగులును మాత్రం దించి పక్కన పెట్టారు.

ఒకే మంచం

1900 జనవరిలో స్నేహితురాలు ఆనీ హాంకాక్‌తో కలిసి ఐడా ఇండియాలో దిగారు. తండ్రి పక్కన నిలబడి పని నేర్చుకోవచ్చని ఆమె ధైర్యం. కొన్ని నెలలకే తండ్రి కన్నుమూశారు. చేతిలో పట్టా ఉంది, అనుభవం లేదు. ఆసుపత్రికి డబ్బుంది, గోడలింకా లేవలేదు. ఎవరినన్నా అడుగుదామంటే పక్కన మరో డాక్టరు లేరు.

బంగళాలోని చిన్న గదిలో ఒకే మంచంతో వైద్యం మొదలైంది. మొదట్లో జనం రావడానికి జంకారు. వయసులో ఉన్న ఆడమనిషికి వైద్యం ఏం తెలుసన్నది ఒక అనుమానం. వేరే దేశం, వేరే మతం అన్నది మరో అనుమానం. ఒకరికి నయమయ్యాక పదిమంది వచ్చారు. వరండా నిండింది, ఆ తర్వాత చెట్ల కింద కూడా చోటు చాలలేదు. రెండేళ్లలో ఐదు వేల మందికి ఆమె వైద్యం చేశారు. నర్సులు లేరు గనుక ఇంట్లో పనిచేసే సాలోమి అనే ఆమెకే గాయాలు కడగడం, పనిముట్లు అందించడం నేర్పి ఆపరేషన్లకు పక్కన నిలబెట్టుకున్నారు.

1902లో నలభై పడకల షెల్ ఆసుపత్రి తెరుచుకుంది. ఆ ఏళ్లలో ప్లేగు, కలరా కూడా ఊరిని చుట్టుముట్టాయి. రాత్రీ పగలూ తేడా లేకుండా పనిచేసిన ఆ రోజుల్లో కూడా తెల్లవారుజామున బైబిలు, ప్రార్థన మానలేదు. రాత్రి పోగేసుకున్న భయాన్ని అక్కడ దించి, ఆ రోజు పనికి బయలుదేరడం ఆమెకు అలవాటు. ఒళ్లంతా గాంభీర్యం పూసుకున్న మనిషి కాదు ఐడా. టెన్నిస్ అంటే పిచ్చి, గులాబీ మొక్కలంటే ప్రాణం, పదిమందితో నవ్వడం ఇష్టం. డబ్బును వదిలారు గానీ సంతోషాన్ని వదల్లేదు.

గుడియాత్తం రోడ్డు మీద

ఆసుపత్రి దాకా రాలేనివాళ్ల సంగతేంటన్నది తర్వాతి ప్రశ్న. పల్లె నుంచి వేలూరుకు రావాలంటే బండి కట్టాలి, ఒక రోజు కూలి పోవాలి. వెంట రావడానికి ఇంకొకరు కావాలి. దాంతో ఐడాయే వాళ్ల దగ్గరికి పోయారు. మొదట ఎడ్లబండి, తర్వాత ఫ్రాన్సు దేశపు పెజో కారు. గుర్రం లేకుండా కదిలే ఆ బండిని చూసి మొదట్లో పల్లె జనం పొలాలకు అడ్డంపడి పరుగెత్తారట. కొన్నాళ్లకు ఆ కారు కోసమే రోడ్డు పక్కన కాచుకుని కూర్చున్నారు.

గుడియాత్తం రోడ్డులో చెట్ల నీడన ఆగి, పుండ్లు కడిగి, పళ్లు పీకి, మందులిచ్చి మరో చెట్టు దగ్గరికి పోవడం. తెలుగు, తమిళం కలగలిసిన దారి అది. ఆ చెట్ల కింద కుష్ఠురోగులూ కూర్చున్నారు. ఊరు వెలివేసిన వాళ్లకు ఆమె కట్టు కట్టారు. ఈనాడు అందరికీ తెలిసిన సంచార వైద్యానికి ఈ ప్రాంతంలో అది తొలి అడుగుల్లో ఒకటి.

అమ్మాయిల వైద్యబడి

ఎంత తిరిగినా ఒక్క మనిషి ఎందరిని చూడగలదు? ఈ దేశపు ఆడపిల్లలకే వైద్యం నేర్పాలని ఐడా నిశ్చయించారు. 1909లో నర్సుల బడి మొదలైంది. వైద్యబడి పెడతానంటే మాత్రం మద్రాసులోని ప్రభుత్వ వైద్యాధికారి పెదవి విరిచారు. ముగ్గురు పిల్లలు చేరితే గొప్పే అనుకున్నారు. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధం నడుస్తోంది, డబ్బుకు కటకట.

1918 ఆగస్టులో బడి తెరుచుకుంది. చేరుతామని వచ్చినవాళ్లందరికీ చోటివ్వలేకపోయారు. ఒక మైక్రోస్కోపు, కొన్ని ఎముకలు, కొద్ది పుస్తకాలు. పాఠం చెప్పడానికి దాదాపు ఐడా ఒక్కరే. మొదటి ఏడాది పరీక్షలో మద్రాసు ప్రెసిడెన్సీలో మగపిల్లలే చాలామంది తప్పారు. వేలూరు నుంచి రాసిన అమ్మాయిలంతా గట్టెక్కారు. 1922లో మొదటి జట్టులో 14 మంది డాక్టర్లు బయటికొచ్చారు.

అమెరికాలో డబ్బు పోగుచేసే భారం లూసీ పీబాడీ అనే ఆమె నెత్తినేసుకున్నారు. ఆసియాలోని ఏడు మహిళా కళాశాలల కోసం అమెరికా ఆడవాళ్లు ఇరవై లక్షల డాలర్లు పోగుచేస్తే, రాక్‌ఫెల్లర్ల నిధి నుంచి మరో పదిలక్షలు వచ్చేలా ఒప్పందం కుదిరింది. చిన్న చిన్న చందాలు ఎన్నో ఆ ఇరవై లక్షల్లో చేరాయి. వేలూరు ఊళ్లో పెద్ద ఆసుపత్రి, బాగాయంలో కొండల నడుమ కళాశాల వెలిశాయి. గెర్ట్రూడ్ డాడ్ అనే కలిగిన ఇంటి ఆడబిడ్డ అన్నీ వదిలి వేలూరు వచ్చి ఐడా ఇంట్లోనే ఉండిపోయారు. జీతం తీసుకోకుండా లెక్కలు చూశారు. ఫీజు కట్టలేని పిల్లలకు తన సొంత డబ్బు పెట్టారు. ఐడా చేతుల మీదుగా లక్షల డాలర్లు వెళ్లాయి. తన పేరిట ఆమె పోగేసుకున్నది లేదు.

అరవై ఏడో ఏట పెద్ద దెబ్బ

1937 తర్వాత అసలు పరీక్ష వచ్చింది. అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి మన హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టిన రాజాజీ. వైద్యవిద్య ప్రమాణాలు పెంచాలని ఆ రోజుల్లో ప్రభుత్వం నిర్ణయించింది. వేలూరులో నేర్పే ఎల్‌ఎంపీ లాంటి కోర్సులు ఇక చెల్లవు, విశ్వవిద్యాలయం ఇచ్చే ఎంబీబీఎస్ ఒక్కటే ఉండాలన్నారు. జనానికి మంచి వైద్యం అందాలన్న కోణంలో అది సబబైన మాటే. వేలూరుకు మాత్రం అది ఉరితాడు. ఎంబీబీఎస్ నేర్పాలంటే పడకలు ఎన్నో రెట్లు పెంచాలి, పెద్ద డిగ్రీలున్న అధ్యాపకులు కావాలి, ప్రయోగశాలలు కావాలి. లేకపోతే మూసేయాలి.

అప్పటికి ఐడాకు అరవై ఏడేళ్లు. నలభై ఏళ్ల కష్టం కళ్లముందే కూలిపోయేలా ఉంది. ఆ వయసులో ఎవరైనా దిగులుతో మంచం పడతారు. ఆమె మళ్లీ అడగడానికి బయలుదేరారు. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా డెబ్బై దాటిన వయసులో అమెరికాలో ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడారు. 1942లో ఎంబీబీఎస్‌కు మద్రాసు విశ్వవిద్యాలయం అనుమతి దొరికింది.

తనదన్నదీ వదిలేసి

డబ్బును వదలడం ఒక ఎత్తు. తాను కట్టినదాన్ని వదలడం మరో ఎత్తు. కళాశాల నిలబడాలంటే మగపిల్లలనూ చేర్చుకోవాలి, అన్ని క్రైస్తవ మిషన్లూ కలిసి భరించాలి అన్న మాట లేచింది. తిండివనంలో చనిపోయిన ఆ ముగ్గురు ఆడవాళ్ల కోసం, ఆడపిల్లలకే అని మొదలుపెట్టిన బడి ఇది. అమెరికాలోని సాయసంఘం రెండుగా చీలింది. ఏళ్ల తరబడి డబ్బు తెచ్చిపెట్టిన లూసీ పీబాడీ ఈ మార్పు ససేమిరా వద్దన్నారు. ఐడా చాలాకాలం నలిగారు. చివరికి మగపిల్లలు చేరడానికి ఒప్పుకున్నారు. ప్రాణస్నేహితురాలిని నొప్పించి ఒప్పుకున్నారు. పీబాడీకి అది తీరని బాధ. 1947 నుంచి మగపిల్లలు చేరారు.

ఆ ఏడాదే సంస్థ పగ్గాలు ఒక తెలుగునాటి ఆడపడుచు చేతికి వచ్చాయి. ఆమె డాక్టర్ హిల్డా లాజరస్, 1890లో విశాఖపట్నంలో పుట్టారు. ప్రభుత్వ మహిళా వైద్య సేవలో పెద్ద పదవులు చూసిన మనిషి. వేలూరు సంస్థను నడిపిన మొదటి భారతీయురాలు ఆమే. ఐడా పక్కకు తప్పుకున్నారు. కుర్చీ కోసం తగాదా లేదు, వారసత్వం కోసం పట్టుదల లేదు.

చివరి రోజులు

తర్వాతి ఏళ్లు కొడైకెనాల్‌లోని హిల్‌టాప్ ఇంట్లో గులాబీ మొక్కల మధ్య గడిచాయి. వేలూరుకు వచ్చిపోతూనే ఉన్నారు. డాక్టర్ ఐడా, ఇండియా అని మాత్రమే రాసిన ఉత్తరం కూడా ఆమెకు చేరేదని ఆ తరంలో చెప్పుకునేవారు. 1960 మేలో కొడైకెనాల్‌లోనే ఆమె కన్నుమూశారు. అప్పటికి వయసు 89. వేలూరుకు తెచ్చి అక్కడి మట్టిలోనే సమాధి చేశారు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అన్న తేడా లేకుండా ఊరు ఊరంతా వీధుల్లో నిలబడింది.

ఒకే మంచంతో మొదలైన ఆసుపత్రి 2016లో చిత్తూరు జిల్లాలోకి అడుగుపెట్టింది. 2022లో ఆమె పుట్టిన రాణిపేటలోనే పెద్ద ఆవరణ తెరుచుకుంది. చింత మూటతో రాయవేలూరు బస్సెక్కే మనవాళ్లకు అక్కడ దొరికే వైద్యం, ఒక పిల్ల తన రేపటిని వదులుకున్న రాత్రి నుంచి వచ్చింది. డబ్బు అవసరం లేదని ఐడా ఎన్నడూ అనలేదు. జీవితమంతా డబ్బు అడుగుతూనే ఉన్నారు. అడిగింది తనకోసం కాదు గనుక, దొరకని రోజున కూడా ఆమెకు నిద్ర పట్టేది.